మత్తు డోసు ఎక్కువైందన్న ఫోన్ నుంచి బీసీహెచ్ఈ జీన్ దాకా: పాలమూరుల చేసిన ఒక వార్త కేస్ స్టడీ

వచ్చిన సమాచారం రెండు ముక్కలు. "అన్నా, మా అక్కకు అపెండిక్స్ ఆపరేషన్ చేసిండ్రు, మత్తు డోసు ఎక్కువిచ్చి కోమాల పెట్టిండ్రు, జర జల్ది రా." దాంతోటి ఒక వీడియో, అందుల మహబూబ్‌నగర్‌ల ఒక ప్రైవేటు హాస్పిటల్ అద్దం తలుపు, లోపల సెక్యూరిటీ, బయట లొల్లి. జిల్లాల పనిచేసేటోళ్లకు ఇసొంటి ఫోన్లు కొత్త కాదు, వార్త కూడ ముందే సగం టైపు చేసి పెట్టుకున్నట్టు ఉంటది, ‘వైద్యుల నిర్లక్ష్యం, బంధువుల ఆందోళన’ అని, కింద యాజమాన్యం వివరణ రెండు లైన్లు. నేను చూసే బీటు వేరే, జీన్ టెస్టులు, విత్తనాల టెక్నాలజీ, జడ్చర్ల దిక్కు ఫార్మా, హైదరాబాద్ ల్యాబుల నుంచి వచ్చే పరిశోధనలు. కానీ జిల్లాల బీటు అనేది కాగితం మీదనే ఉంటది, ఫోన్ ఎవరికొస్తే వాళ్లే పోవాలె.

జెనోమిక్స్ (జీన్ల శాస్త్రం) మీద రాయాలనుకునే కొత్త రిపోర్టర్లకు పనికొస్తదని ఈ కేసు మొత్తం రాస్తున్న. ఆ ఇంటోళ్ల ఊరు, వయసులు, చుట్టరికాలు, తేదీలు, టైములు మార్చిన, హాస్పిటల్ పేరు రాస్త లేను. ఎందుకు మార్చిననో కింద వస్తది, ఈ కేసుల అసలు తలనొప్పి అదే.

నేను పొయ్యేసరికి పేషెంట్ ఐసీయూల వెంటిలేటర్ మీద ఉన్నది, బీపీ, పల్స్ మంచిగున్నయి, కానీ ఊపిరి సొంతంగ తీసుకుంట లేదు, కాలు చెయ్యి కదలుత లేదు. ఇంటోళ్లకు ఎవ్వరు ఏం చెప్పలె, "అబ్జర్వేషన్‌ల ఉన్నది" అన్న ఒక్క మాట తప్ప. రాత్రి తొమ్మిదింటికల్ల వేళ్లు కదిలినయి, తర్వాత దగ్గు వచ్చింది, ట్యూబు తీసిండ్రు. తెల్లారి ఇడ్లీ తిన్నది. లొల్లి చేసిన చుట్టాలు ఎక్కడోళ్లక్కడ పోయిండ్రు, వీడియో మాత్రం వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతనే ఉన్నది.

ఇగ చాన పేపర్లకు వార్త అయిపోయినట్టే. మనిషి బతికింది, గొడవ సద్దుమణిగింది. నాకు ఒకటే అర్థం కాలె, డోసు ఎక్కువైతే ఇంత శుభ్రంగ ఎట్ల లేస్తది?

ఇంటోళ్లు కేసు షీటు జిరాక్స్ తీసుకున్నరు (పేషెంట్ అడిగితే 72 గంటలల్ల రికార్డులు ఇయ్యాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలల్లనే ఉన్నది, అడగాలని తెల్వక చానమంది అడగరు). అందుల అనస్తీషియా చార్టు అని ఒక పేజీ ఉంటది, చిన్న గళ్ల కాగితం, ఐదైదు నిమిషాలకు పల్స్, బీపీ చుక్కలు పెడతరు, పైన ఏ మందు ఎన్నింటికి ఇచ్చిండ్రో రాస్తరు. నాకు దాన్ని చదవరాదు, ఆపరేషన్ థియేటర్లల్ల చాన ఏండ్లు చేసి రిటైరైన ఒక అనస్తీషియా డాక్టర్‌కు, ఇంటోళ్ల పర్మిషన్ తోటి, పేరు కొట్టేసి ఫోటో పంపిన. ఆయన ముందు మందుల పేర్లు సూడలె, ఖాళీ జాగ సూసిండు. "స్కోలిన్ 75 మిల్లీగ్రాములు, ఒకటీ నలభైకి. తర్వాత అట్రాక్యూరియం ఏది? ముప్పావు గంట ఆపరేషన్‌కు రెండో మందు ఎందుకు ఇయ్యలె?" అన్నడు. కాసేపాగి ఆయనే జవాబు చెప్పిండు: "పేషెంట్ కదలనే లేదు, అందుకే అవసరం పడలె."

ఆ ఖాళీ జాగనే వార్త. మనం మొత్తం కలిపి మత్తు అంటం గని లోపల మూడు పనులుంటయి, నిద్ర పట్టించేదొకటి, నొప్పి తెల్వకుండ చేసేదొకటి, కండరాలను వదులు చేసేదొకటి. స్కోలిన్, అంటే సక్సినైల్‌కోలిన్, మూడో రకం. అట్రాక్యూరియం కూడ అదే రకం గని ఎక్కువసేపు ఉంటది. స్కోలిన్ మాత్రం నిమిషం లోపల పనిచేస్తది, ఐదు పది నిమిషాలల్ల దిగిపోతది. కడుపు నిండ తిని వచ్చిన ఎమర్జెన్సీ కేసులల్ల తిన్నది ఊపిరితిత్తులల్లకు పోకముందే జల్ది ట్యూబు వెయ్యాలె, అందుకే డాక్టర్లు దీన్ని వాడతరు. ఈమె కూడ తిని వచ్చింది, డోసు కూడ ఆమె బరువుకు మామూలు డోసే. మందు ఎంచుకున్నదాంట్ల తప్పు పట్టేది ఏం లేదు.

అంత తొందరగ ఎందుకు దిగుతదంటే రక్తంల బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటది, లివర్ల తయారైతది, స్కోలిన్‌ను కండరం దాకా పోకముందే సగానికన్న ఎక్కువ ముక్కలు చేసి పారేస్తది. అది లేనోళ్లల్ల మందు మొత్తం కండరానికి చేరి గంటల తరబడి అక్కడనే కూసుంటది. దానికి చేసే వైద్యం ఒక్కటే, మందు దిగే దాకా వెంటిలేటర్ మీద ఊపిరి ఇచ్చుకుంట, నిద్రల ఉంచుకుంట కాపాడుడు. ప్లాస్మా ఎక్కించేది కూడ ఉన్నది గని చానమంది డాక్టర్లు ఆగుడే మేలంటరు.

ఈ ఎంజైమ్ టెస్టు మా దిక్కు చిన్న ల్యాబులకు కూడ కొత్త కాదు. పత్తి చేన్లకు కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగిన కేసులు, స్ప్రే చేస్త చేస్త పడిపోయిన కేసులు వచ్చినప్పుడు చేసే కోలినెస్టరేజ్ టెస్టు ఇదే, ఆ విషం ఈ ఎంజైమ్‌ను కూడ పట్టుకుని పనిచెయ్యకుండ చేస్తది. అంటే గద్వాల, నారాయణపేట దిక్కు నుంచి వచ్చిన మనిషి రక్తంల ఈ ఎంజైమ్ తక్కువున్నదంటే వెంటనే జీన్ అనుడు కుదరదు. చేన్ల మందు కొట్టిండ్రా, లివర్ జబ్బు ఉన్నదా, కడుపుతోటి ఉన్నదా, ఇవన్ని అడగాలె, గర్భిణులల్ల కూడ ఇది కొంత తగ్గుతది. ఆమె ఇంట్ల వ్యవసాయం లేదు, దుకాణం. లివర్ టెస్టులు బాగున్నయి. గర్భం లేదు. ఇంకొకటి కూడ రిటైర్డ్ డాక్టరే గుర్తు చేసిండు, శాంపిల్ ఎప్పుడు తీసిండ్రు, ప్లాస్మా ఎక్కించినంక తీస్తే వేరేటోళ్ల ఎంజైమ్ కూడ అందుల కలిసిపోయి రిపోర్టు మోసం చేస్తది అని. ఈ కేసుల ప్లాస్మా ఇయ్యలె. నెల దాటినంక మళ్ల ఇంకో ల్యాబుల చేయించిండ్రు, రెండుసార్లు కూడ మిషన్ కొలవలేనంత తక్కువ.

అప్పుడు నేను నా అసలు బీటులకు వచ్చిన.

ఆ ఎంజైమ్‌ను తయారుచేసే బీసీహెచ్ఈ జీన్ మూడో క్రోమోజోమ్ మీద ఉంటది. దీంట్ల మార్పులు ప్రపంచమంతట ఉన్నయి, కానీ మన దగ్గర ఒక మార్పు గురించి ప్రత్యేకంగ 2006ల ఒక పేపర్ వచ్చింది: ఎంజైమ్‌ల 307వ స్థానంల లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన జాగల ప్రోలిన్ అనే ఇంకోటి వస్తది, ఇద్దరు తల్లిదండ్రుల నుంచి అదే కాపీ వచ్చినోళ్లల్ల ఎంజైమ్ పని కనపడది, మనిషి మాత్రం నిమ్మలంగ ఆరోగ్యంగ ఉంటడు. ఆ పేపర్ వైశ్య సమాజంల కనపడ్డ మార్పు గురించి. తర్వాత 2017ల సీసీఎంబీ (హైదరాబాద్‌ల జీవశాస్త్ర పరిశోధన సంస్థ) తంగరాజ్, హార్వర్డ్ డేవిడ్ రైక్ బృందాలు కలిసి నేచర్ జెనెటిక్స్‌ల వేసిన పేపర్ల 263 దక్షిణాసియా సమూహాలను చూసి, 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగినయి, దీనికి పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్లకన్న, అష్కెనాజీ (యూరప్) యూదులకన్న ఆ ప్రభావం ఎక్కువ అని చెప్పిండ్రు. అందుల 14 సమూహాల జనాభా పది లక్షలకు పైన. వైశ్యులను ఉదాహరణగ తీసుకుని ఈ ఎంజైమ్ లోపం మిగతా వాళ్లకన్న దాదాపు 100 రెట్లు ఎక్కువ అని అందుల్నే ఉన్నది.

మా ఫోన్ వచ్చిన ఇల్లు ఆ సమాజానిదే.

ఇక్కడిదాక రిపోర్టింగ్ అయితే, ఇక్కడి నుంచి అసలు పంచాయితీ. ఇంటోళ్లు జీన్ టెస్టు చేయించుకుందమన్నరు, నేను చేయించమని చెప్పలె, చెప్పొద్దు కూడ, హైదరాబాద్‌ల ఒక మెడికల్ జెనెటిసిస్ట్ దగ్గరికి వాళ్లే పోయిండ్రు. ఆమె చేసిన మంచి పని ఏందంటే, మొత్తం జీనోమ్ అని, ఎక్సోమ్ (ప్రొటీన్ తయారుచేసే జీన్ భాగాలన్ని) అని పెద్ద ప్యాకేజీ రాయలె. అనుమానం ఒక్క జీన్ మీద ఉన్నప్పుడు ఆ జాగ ఒక్కటే సాంగర్ పద్ధతిల చదివిస్తే సరిపోతది, 300 కోట్ల అక్షరాలు తిరగేసుడెందుకు. పేషెంట్‌కు రెండు కాపీలు ఉన్నయని వచ్చింది. తమ్మునికి ఒక్క కాపీ. చెల్లె టెస్టు వద్దన్నది.

ఆ "వద్దు" దగ్గరనే నా వార్త ఆగింది, చాన రోజులు ఆగింది. మామూలు హెల్త్ వార్తల పేషెంట్ సంతకం పెడితే చాలు, డెంగీ వచ్చిందని ఒకాయన చెప్తే అది ఆయనది. ఇది అట్ల కాదు. అక్కకు రెండు కాపీలు అని రాస్తే అమ్మానాన్న ఇద్దరికి కనీసం ఒక్కొక్కటి ఉన్నట్టు రాసినట్టే, టెస్టు వద్దన్న చెల్లెకు కూడ రెండు కాపీలు ఉండేందుకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నదని ఊరికి చెప్పినట్టే. ఒకరు సంతకం పెడితే ఇంటిల్లిపాదివి బయటపడతయి. పేషెంట్ మాత్రం ధైర్యంగ "నా పేరు రాయన్నా, నలుగురికి తెలుస్తది" అన్నది. వాళ్ల చిన్నాయన "పేరు రాయకుంటే ఎవరు నమ్ముతరు" అన్నడు. చెల్లె ఒక్కతే మెల్లగ, "నాకు సంబంధాలు చూస్తున్నరు సార్" అన్నది.

జబ్బే కాదు గదా, ఆ మందు పడకుంటే జీవితాంతం ఏం కాదు గదా, సంబంధానికి దీనికి ఏం లంకె అని మనం అనొచ్చు. నిజమే. ఆమెకు కూడ జెనెటిసిస్ట్ అదే చెప్పింది. కానీ పెండ్లి చూపులల్ల మధ్యవర్తి ఆ పేపర్ కటింగ్ తీసుకపోయి ‘జీన్‌ల లోపం’ అన్నంక అవతలోళ్లకు ఎంజైముల గురించి చెప్పే మోఖా ఎవరికుంటది? నేను చెల్లె మాటనే లెక్కల పెట్టుకున్న. పేరు తీసేసిన, ఊరు తీసేసిన. దుకాణం దేనిదో కూడ తీసేసిన, చిన్న టౌన్ల ‘బస్టాండ్ ముందల బట్టల షాపు’ అంటే పేరు రాసినట్టే. వయసు, ఏ ఆపరేషన్, ఏ నెల, తోడబుట్టినోళ్లు ఎంతమంది, అన్ని మార్చిన లేదంటే తీసిన. పేషెంట్‌కు కొంచెం కోపమొచ్చింది, మూడు దినాలు ఫోన్ ఎత్తలె.

ఇగ డెస్క్. కాపీ పంపినంక మా సబ్ ఎడిటర్ పెట్టిన హెడ్డింగ్ ‘ఆ కులానికి మత్తు గండం!’ ఆశ్చర్యార్థకం తోటి సహా. కింద ఇంకో ట్యాగ్, ‘ముప్పు 100 రెట్లు’. లోపల నేను రాయని ఒక లైన్ కూడ చేరింది, ‘తరతరాల మేనరికాల వల్లే’ అని. ఆయన చెడ్డోడు కాదు, రాత్రి పది పేజీలు కడ్తడు, జీన్ అనంగనే చెయ్యి ఆటోమేటిగ్గ మేనరికం అని టైపు చేస్తది. కానీ ఈ మూడు విడివిడిగ తప్పు, అందుకే ఒక్కొక్కటి ఫోన్ల పోట్లాడిన.

మేనరికం సంగతి: 2017 పేపర్ చెప్పేది దగ్గరి చుట్టాల పెండ్లి గురించి కాదు. కొద్దిమంది పూర్వీకుల నుంచి సమూహం పెరిగి, తర్వాత వేల ఏండ్లు లోపల్లోపలనే పెండ్లిళ్లు జరిగితే, గోత్రం వేరే, ఊరు వేరే, చుట్టరికం ఏం లేదనుకున్న ఇద్దరికి కూడ అదే పాత పూర్వీకుని కాపీ ఉండొచ్చు. ఈ ఇంట్ల తల్లిదండ్రులది మేనరికం కానే కాదు. మేనరికం అని రాస్తే చదివినోళ్లల్ల సగం మంది "మాది బయటి సంబంధమే, మాకేం కాదు" అని పేజీ తిప్పేస్తరు, ఎవరికి చేరాల్నో వాళ్లకే చేరదు.

100 రెట్ల సంగతి: దేనికి 100 రెట్లు? లక్షల ఒకరికి ఉండేది 100 రెట్లయితే వెయ్యిల ఒకరికి. అప్పుడు కూడ 999 మందికి ఏం లేదు. ఆ ఒక్కరికి కూడ ఆ ఒక్క మందు పడితేనే ఇబ్బంది, అది కూడ వెంటిలేటర్, తెలిసిన డాక్టర్ ఉంటే కొన్ని గంటల ఇబ్బంది. రెట్లు అనే లెక్క హెడ్డింగ్‌ల పెడితే భయం తప్ప ఏం ఎక్కది, కాపీ లోపల వివరణ తోటి పెట్టాలె.

కులం పేరు సంగతి మీద మాత్రం నాకు ఇప్పటికి కూడ వేరేటోళ్ల తోటి వాదన ఉన్నది. నా దోస్త్ ఒకడు, సీనియర్, కులం పేరే రాయొద్దు, ‘ఒక సామాజిక వర్గం’ అని వదిలెయ్ అన్నడు. నేను ఒప్పుకోలె. పేరు దాస్తే ఆపరేషన్ టేబుల్ మీదికి పొయ్యే మనిషికి ఆ సమాచారం ఎట్ల అందుతది? సైన్స్ పేపర్ల బహిరంగంగ ఉన్నది, అనస్తీషియా డాక్టర్లకు తెలుసు, ఆ మనిషికి ఒక్కనికే తెల్వకుండ ఉండుడేం మర్యాద? అందుకని హెడ్డింగ్‌ల లేకుండ, మొదటి పేరాల లేకుండ, మధ్యల రాసిన, పక్కనే 81 సమూహాల మాట కూడ రాసిన, ఇది ఎవరో ఒక్కరి కథ కాదు, మన దేశంల పెండ్లిళ్లు జరిగిన తీరుకు చాన సమాజాలల్ల చాన రకాల జీన్ మార్పులు ఇట్లనే గుమిగూడి ఉన్నయి అని. హెడ్డింగ్ చివరికి ‘ఆపరేషన్‌కు ముందు డాక్టర్‌కు ఇది చెప్పిండ్రా?’ అని పోయింది. చప్పగ ఉన్నదని ఆన్‌లైన్ టీమ్ మొహం మాడ్చుకున్నది.

అచ్చయినంక మూడు రకాల ఫోన్లు వచ్చినయి. సంఘం పెద్దాయన ఒకరు కోపంగ షురూ చేసి, పావుగంట మాట్లాడినంక "మా చిన్నమ్మకు ఎప్పుడో కరెంటు షాక్ ట్రీట్మెంట్ ఇచ్చినప్పుడు ఇట్లనే అయింది, అప్పుడు దయ్యం అన్నరు" అని చెప్పిండు (ఆ ట్రీట్మెంట్‌కు కూడ స్కోలిన్ ఇస్తరు). రెండోది, వనపర్తి, కల్వకుర్తి దిక్కు డాక్టర్లు ఇద్దరు ముగ్గురు, మేం పది పదిహేనేండ్ల నుంచి ప్రీ ఆపరేటివ్ చెకప్‌ల అడుగుతనే ఉన్నం, అడిగితే కులం ఎందుకు అడుగుతున్నవని పేషెంట్లు కొట్లాటకు వస్తున్నరు అని. అడిగే తీరు మార్చుకున్న డాక్టర్లు "మీ ఇంట్ల ఎవరికన్న ఆపరేషన్ తర్వాత ఊపిరి లేటుగ వచ్చిందా, వెంటిలేటర్ మీద పెట్టిండ్రా" అని అడుగుతున్నరట, అది ఏ కులం వాళ్లకైనా పనికొచ్చే ప్రశ్న, ఫాలోఅప్‌ల అదే పెద్దక్షరాలల్ల పెట్టిన.

మూడోది ఒక జీన్ టెస్టింగ్ కంపెనీ పీఆర్ నుంచి. ఇంత మంచి వార్త రాసిండ్రు, మీ జిల్లాల సంఘం తోటి కలిసి క్యాంపు పెడతం, ఫుల్ జీనోమ్ ప్యాకేజీ డిస్కౌంట్ల ఇస్తం, మీరు కవర్ చెయ్యాలె అన్నడు. ఈ ఒక్క విషయానికి ఫుల్ జీనోమ్ ఎందుకని అడిగిన. "ప్రివెంటివ్ వెల్‌నెస్ సార్" అన్నడు. కౌన్సెలర్ వస్తడా, రిపోర్టు ఎవరు చదివి చెప్తరు, డేటా ఎక్కడ ఉంటది, టెస్టు చేయించుకున్నాయన అన్నదమ్ములకు ఎవరు చెప్తరు అని అడిగిన. మెయిల్ చేస్తనన్నడు. మెయిల్ వచ్చింది, రంగుల బ్రోచర్. క్యాంపు వార్త రాయలె, యాడ్స్ వాళ్లు మాత్రం తర్వాత నా మొహం సూసుడు తగ్గించిండ్రు, మా దగ్గర జిల్లా ఎడిషన్ నడిచేది వాళ్ల టార్గెట్ల మీదనే కాబట్టి ఆ కోపం కూడ అర్థమైతది. నిజానికి చానమందికి జీన్ టెస్టు కూడ అక్కర లేదు, అనుమానం ఉంటే డాక్టర్‌కు నోటి మాటగ చెప్పుడు, అవసరమైతే కోలినెస్టరేజ్ టెస్టు, అంతే. స్కోలిన్ బదులు రోక్యురోనియం ఉన్నది, దాన్ని దించెయ్యడానికి సుగమడెక్స్ అని మందు కూడ ఉన్నది, ధర ఎక్కువ గని ఉన్నది. ఆ ఇంట్ల ఇప్పుడు పేషెంట్ ఆధార్ కార్డు వెనక ప్లాస్టిక్ కవర్ల ఒక చీటీ పెట్టుకుని తిరుగుతది: సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం (దీన్ని కూడ అదే ఎంజైమ్ ముక్కలు చేస్తది) ఇయ్యొద్దు.

ఇగ మొదటి ఫోన్ల చెప్పిన నిర్లక్ష్యం మాట. డోసు ఎక్కువైందన్నది తప్పని తేలింది, అది స్పష్టంగ రాసిన, హాస్పిటల్ కూడ ఆ కటింగ్ ఫ్రేమ్ కట్టించి రిసెప్షన్ల పెట్టుకున్నదని విన్న. కానీ పేషెంట్ నాకు చెప్పిన ఇంకో మాట ఉన్నది, రెండో రోజు వార్తల అది కూడ వచ్చింది, దాన్ని ఫ్రేమ్ కట్టలె. "నాకు అన్ని వినబడ్డయన్నా. నర్సులు మాట్లాడేది, మా అమ్మ బయట ఏడ్చేది. కన్ను తెరుద్దమంటే రెప్ప లేస్త లేదు. నన్ను సచ్చిపోయిందనుకుని పాతిపెడతరేమో అనుకున్న." కండరాలు పడిపోయినంత మాత్రాన మెదడు నిద్రపోదు, స్కోలిన్ దిగేదాక నిద్ర మందు నడుస్తనే ఉండాలె. చార్టుల ఆపరేషన్ అయిపోయిన టైముకు, ఐసీయూల నిద్ర మందు షురూ చేసిన టైముకు నడుమ గంటంబావు ఉన్నది. జీన్ గురించి ముందుగ తెల్వకపోవుడు ఎవరి తప్పు కాదు, కదలని పేషెంట్ మేల్కొని ఉండొచ్చని అనుకోకపోవుడు వేరే సంగతి, ఇంటోళ్లకు అన్ని గంటలు ఒక్క ముక్క చెప్పకపోవుడు ఇంకో సంగతి. జీన్ అనే మాట దొరకంగనే ఈ రెండు దాని కింద కొట్టుకపోవొద్దని రెండో రోజు వార్త విడిగ చేసిన.

ఆ గంటంబావు మీద హాస్పిటల్‌కు రాతపూర్వకంగ ప్రశ్న పంపిన. అనస్తీషియా డాక్టర్ నోటి మాటగ, పేరు రాయొద్దని, అప్పుడు ఐసీయూల నిద్ర మందు ఆగకుండ ఎక్కించే సిరంజి పంపు ఖాళీగ లేకుండె అని చెప్పిండు. మేనేజ్‌మెంట్ నుంచి కాగితం మీద ఇప్పటిదాక ఏం రాలె. ఇంటోళ్లు ఫిర్యాదు చేస్తలేమని చెప్పిండ్రు, అది వాళ్ల ఇష్టం. జిల్లాల ఎన్ని ప్రైవేటు ఐసీయూలల్ల ఎన్ని సిరంజి పంపులున్నయి, నరం స్పందన చూసే స్టిమ్యులేటర్ ఎన్ని థియేటర్లల్ల ఉన్నది అని ఇప్పుడు అడుక్కుంట తిరుగుతున్న, జెనోమిక్స్ బీటు కిందనే.